కౌరవ పాండవుల తీగ ఎందుకు మొండికేస్తుంది?

మేడ మీద కుండీలో కృష్ణకమలం పెట్టుకున్నవాళ్ల బాధలు అటూ ఇటూగా రెండే. తీగ పిట్టగోడ ఎక్కి, బట్టలారేసే దండెం పట్టుకుని, పక్కింటి డిష్ యాంటెన్నా దాకా వెళ్లిపోయింది గానీ ఏడాది దాటినా ఒక్క మొగ్గ లేదన్నది మొదటిది. రెండోది ఇంకా చిరాకు. రోజుకు పది పువ్వులు పూస్తున్నాయి, వచ్చినవాళ్లంతా ఫోటోలు తీసుకుంటున్నారు, మర్నాటికి అవన్నీ ముడుచుకుని రాలిపోతున్నాయి, కాయ మాత్రం ఒక్కటీ నిలవదు. ఈ రెంటికీ జనం చేసే వైద్యం ఒకటే: ఇంకో గుప్పెడు ఎరువు, ఇంకో చెంబు నీళ్లు. చాలాసార్లు తీగకు ఏ జబ్బూ ఉండదు, తన పద్ధతిలో తాను నిక్షేపంగా ఉంటుంది. మనకు తెలియనిదల్లా ఇంట్లో ఉన్నది ఈ కుటుంబంలో ఏ తీగ అన్నదీ, దాని పువ్వు ఏ గంటకు, ఎవరి కోసం తెరుచుకుంటుందన్నదీ.

ముందు పేర్ల సంగతి. కృష్ణకమలం అంటారు, రాఖీ పువ్వు అంటారు, కౌరవ పాండవుల పువ్వు అనీ అంటారు. చుట్టూ నూరు దాకా ఉండే ఊదా పోగులు కౌరవులు, మధ్యలో ఐదు పుప్పొడి కేసరాలు పాండవులు, వాటి మీద మూడుగా చీలి ఉండే కీలాగ్రాలు, అంటే పుప్పొడి అందుకునే కొసలు, త్రిమూర్తులు. కొందరు దాన్నే కృష్ణుడి చక్రం అంటారు, చెప్పేవాళ్లను బట్టి కథ మారుతుంది. లెక్క భలే కుదిరింది గానీ, ఈ తోటల రకాలన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే, అంటే మొక్క వచ్చాక దానికి మహాభారతం తగిలించుకున్నాం. అదే పని అంతకుముందే స్పానిష్ మిషనరీలు చేశారు. వాళ్లకు ఆ పోగుల్లో ముళ్ల కిరీటం, ఐదు కేసరాల్లో ఐదు గాయాలు, మూడు కీలాగ్రాల్లో మూడు మేకులు కనిపించాయి. పాషన్ ఫ్లవర్ అన్న పేరులోని పాషన్ మోహం కాదు, తెలుగు చర్చిల్లో క్రీస్తు శ్రమలు అంటారే, అది. లీనియస్ 1753లో పాసిఫ్లోరా అని శాస్త్రీయనామం పెట్టినా అర్థం అదే. కేరళలో చాలామంది దీని పండును ఏకంగా ఫ్యాషన్ ఫ్రూట్ చేసేశారు, వినడానికి బాగానే ఉంటుంది. జపాన్‌లో మాత్రం గడియారం మొక్క అంటారు, కీలాగ్రాలు గడియారం ముళ్లలా కనిపిస్తాయి కాబట్టి. తోటపని కోణంలో చూస్తే అన్నిటికంటే పనికొచ్చే పేరు అదే, ఎందుకో ముందుముందు తెలుస్తుంది.

ఈ జాతిలో ఐదు వందలకు పైగా రకాలున్నాయి. వాటిలో ఒకటి తెలుగు పల్లెల్లో ఎవరూ నాటకుండానే కంచెల మీద, రైలు పట్టాల పక్కన, బీడు భూముల్లో పాకుతూ ఉంటుంది. తెల్లజుమికి అంటారు. ఇదీ అమెరికా నుంచి వచ్చిందే, ఎప్పుడో స్థిరపడిపోయింది. చిన్న తెల్లపువ్వు, మధ్యలో ఊదా రంగు, కాయ చుట్టూ ఆకుపచ్చని జాలీ సంచి లాంటి తొడుగు, ఆకు నలిపితే ఒకరకం కంపు. ఆ జాలీకి జిగురు ఉంటుంది, చిన్న చిన్న పురుగులు దానికి అంటుకుని చస్తాయి. పండి నారింజ రంగుకు తిరిగాక పల్లెటూరి పిల్లలు జాలీ తీసేసి చప్పరిస్తారు. నర్సరీలో రెండు వందలు పెట్టి కొన్న కృష్ణకమలం, మార్కెట్లో కిలోల లెక్కన అమ్మే పాషన్ ఫ్రూట్, ఊళ్లో మేకలు తొక్కిపోయే తెల్లజుమికి, ఈ మూడూ ఒకే ఇంటిపేరువాళ్లన్న మాట.

నర్సరీలో మాత్రం ఏ తీగనైనా కృష్ణకమలం అనే అంటారు, లేబుల్ ఉండదు, ఉన్నా నమ్మలేం. ఆకు చూసుకోవాలి. ఆకు చెయ్యి చాపినట్టు ఐదు వేళ్లుగా, ఒక్కోసారి ఏడుగా చీలి, అంచులు నున్నగా ఉంటే అది పాసిఫ్లోరా కెరూలియా గానీ దాని సంకరం గానీ అయ్యుంటుంది. పువ్వు తెలుపు, పోగులు నీలం తెలుపు ఊదా పట్టీలు. కాయ కాస్తే కోడిగుడ్డంత నారింజ పండు అవుతుంది, చూడ్డానికి నోరూరుతుంది, తింటే చప్పిడి. ఆకు మూడుగా చీలి, మెరుస్తూ, అంచున రంపపు పళ్లు ఉంటే, పువ్వులో పోగులు వంకీలు తిరిగి మొదట్లో ముదురు ఊదా, కొసల్లో తెలుపు ఉంటే అది తినే పాషన్ ఫ్రూట్, పాసిఫ్లోరా ఎడ్యులిస్. ద్రాక్షాకు లాంటి ఆకు, ఎర్రటి పువ్వు అయితే వైటిఫోలియా. ఇక పెద్ద పెద్ద ఊదా పువ్వులతో ఘుమఘుమలాడేవి చాలావరకు సంకరాలు. వాటిని పువ్వు కోసమే తయారు చేశారు, కాయ కోసం ఎదురుచూడటం దండగ. కాయ రావట్లేదని ఏడాదిపాటు దిగులు పడేవాళ్లలో సగం మంది దగ్గర ఉన్నది ఈ పూలరకమే అయ్యుంటుంది. పాపం, చెప్పేవాళ్లు లేరు.

ఇక పూయని తీగ. దీన్ని అర్థం చేసుకోవాలంటే మొగ్గ ఎక్కడ పుడుతుందో చూడాలి. కొత్తగా సాగే కొమ్మ మీద ప్రతి కణుపు దగ్గరా ఒక ఆకు, ఒక నులితీగ ఉంటాయి, వాటి పక్కనే మొగ్గ వస్తుంది. ముదిరిన పాత కొమ్మ మీద మళ్లీ మొగ్గ రాదు. అంటే తీగకు ఎంత కొత్త చిగురు ఉంటే అన్ని పువ్వులు. పాపం కదా, ఎందుకు కత్తిరించడం అని మూడేళ్లు అలాగే వదిలేసిన తీగ పైన గూడు కట్టినట్టు ముద్దయిపోయి, లోపల ఎండుటాకులతో, ఎక్కడో కొసన మాత్రమే పూస్తుంది. ఆ కొస కూడా పక్కింటివాళ్ల వైపే ఉంటుంది, అది వేరే సంగతి. ఒక విడత పూత, కాపు అయ్యాక పక్కకొమ్మల్ని రెండు మూడు కణుపులు ఉంచి కత్తిరిస్తే కొత్త చిగుళ్లు వస్తాయి. మొదలును మాత్రం ముట్టుకోకూడదు. ఆకు లేని మోటు మానుదాకా నరికితే పాషన్ ఫ్రూట్ తీగ చాలాసార్లు తిరిగి లేవదు. మండు వేసవిలోనూ, ముసురు పట్టినప్పుడూ కత్తెర పక్కన పెట్టడం మేలు.

కత్తిరించినా పూయకపోతే అనుమానించాల్సింది ఎరువునే. తీగ జాతి కాబట్టి తిండి ఎక్కువ కావాలన్నది నిజమే, కానీ యూరియా, పచ్చి పేడ, వారానికోసారి నూనెపిండి నీళ్లు, ఇలా నత్రజని మీద నత్రజని పోస్తే తీగకు ఆకులు పెంచుకోవడమే పని అవుతుంది. ఆకు అరచేయంత, ముదురాకుపచ్చ, కణుపుకూ కణుపుకూ మధ్య జానెడు దూరం, మొగ్గ సున్నా. ఇది చూసి జనం మురిసిపోతారు కూడా. ఎరువు రెండు నెలలు పూర్తిగా ఆపేసి, తర్వాత మాగిన పశువుల ఎరువు, కొద్దిగా వేపపిండి, మొగ్గల కాలం దగ్గరపడ్డాక సల్ఫేట్ ఆఫ్ పొటాష్ చెంచాడు వేస్తే సరిపోతుంది. అరటి తొక్కలు నానబెట్టిన నీళ్లు పోస్తే మర్నాడే మొగ్గలు అని వీడియోల్లో చెప్పేది నమ్మక్కర్లేదు. ఆ నీళ్లలో ఉండే పొటాషియం కొంచెమే, అది పోసినా పోయకపోయినా తీగకు పెద్ద తేడా తెలియదు.

మిగిలింది ఎండ. రోజుకు ఆరు గంటల నేరు ఎండ లేని బాల్కనీలో తీగ బతుకుతుంది, పెరుగుతుంది, పూయడం మాత్రం అరుదు. అపార్ట్‌మెంట్లో ఉత్తరం వైపు గ్రిల్లుకు పాకించి పూత కోసం ఎదురుచూడటం కంటే అక్కడ మనీప్లాంట్ పెట్టుకోవడం నయం. పసుపు పాషన్ ఫ్రూట్‌కు ఇంకో లెక్క కూడా ఉంది, పగటి పొడవు పదకొండు గంటల కిందికి దిగితే అది పూత ఆపేస్తుంది. హైదరాబాద్, విజయవాడ లాంటిచోట్ల డిసెంబర్‌లో కూడా పగలు పదకొండు గంటల పైచిలుకే ఉంటుంది గానీ అది అంచు మీద ఉన్నట్టే. చలికాలంలో తీగ మందగిస్తే కంగారుపడి మందులు కొట్టనక్కర్లేదు. వయసు కూడా చూసుకోవాలి. గింజ మొక్క పూయడానికి ఏడాది, ఒక్కోసారి ఏడాదిన్నర పడుతుంది, కొమ్మ మొక్క అంతకంటే ముందే మొదలెడుతుంది.

పందిరి విషయంలో తెలుగువాళ్లకు కొత్తగా నేర్చుకోవాల్సింది లేదు, బీర, కాకర, దొండ పందిళ్లు వేసిన అనుభవం అంతా ఇక్కడ పనికొస్తుంది. ఒకటే తేడా, ఇది ఒక సీజన్‌తో పోయేది కాదు, మూడు నాలుగేళ్లు బరువు మోయాలి, కాబట్టి పురికొస చాలదు, జీఐ తీగ, అంటే తుప్పు పట్టని ఇనుప వైరు, కావాలి. నులితీగ సన్నటిదాన్ని తాకితే గంటల్లోనే చుట్టేసుకుంటుంది, లావుపాటి పైపును మాత్రం పట్టుకోలేదు. సన్‌షేడ్ పైపుకు కట్టేసి పాకట్లేదేమిటని చూస్తూ కూర్చోకుండా దానికి ఓ సన్న వైరో వలో అందించాలి.

నేల గురించి చెప్పాలంటే, ఈ తీగ వేళ్లు చాలావరకు పైపైనే ఉంటాయి, తడి కావాలి, నిలవనీరు మాత్రం పడదు. ఎర్రనేల, చల్కా నేల బాగా సరిపోతాయి. నల్లరేగడిలో వానాకాలం రెండు రోజులు నీళ్లు నిలిచాయంటే మొదలు కుళ్లిపోతుంది, అలాంటిచోట అడుగు ఎత్తున మట్టి కుప్ప పోసి దాని మీద నాటాలి. కుండీ అయితే కనీసం పద్దెనిమిది అంగుళాలది, అడుగున చిల్లులు బాగా ఉన్నది. ఊళ్లలో ఇంకో సమస్య బోరు నీళ్లు. ఉప్పు, సున్నం ఎక్కువున్న నీళ్లు ఏడాదిపాటు పోస్తే కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది, కొత్త ఆకులు ఈనెలు పచ్చగా మధ్యభాగం పసుపుగా వస్తాయి. అది ఇనుము అందకపోవడం. మట్టిలో ఇనుము ఉండదని కాదు, సున్నం వల్ల వేరుకు అందదు. తుప్పు మేకులు పాతిపెట్టడం పాత చిట్కా, పని చేయదు. చీలేటెడ్ ఐరన్, అంటే మొక్కకు అందేలా తయారుచేసిన ఇనుము మందు, ఆకుల మీద పిచికారీ చేస్తే వారం పది రోజుల్లో తేడా కనిపిస్తుంది, వాననీళ్లు పట్టి పోస్తే అసలు ఆ అవసరమే తగ్గుతుంది.

ఇప్పుడు పూసినా కాయని తీగ సంగతి. పాషన్ ఫ్రూట్‌లో స్థూలంగా రెండు రకాలు, ఊదా కాయ, పసుపు కాయ. ఊదా రకం పువ్వు తెల్లారుతూనే తెరుచుకుని మధ్యాహ్నానికల్లా ముడుచుకుంటుంది. పసుపు రకం మధ్యాహ్నం పన్నెండు దాటాక తెరుచుకుని రాత్రి తొమ్మిది, పది దాకా ఉంటుంది. ఒక్కో పువ్వుకు ఇదొక్కటే అవకాశం, మర్నాడు మళ్లీ తెరుచుకోదు. ఊదా రకం తన పుప్పొడితో తాను కాయగలదు, అందుకే ఒక్క తీగ ఉన్నా కాపు వస్తుంది. పసుపు రకం అలా కాదు. దాని పుప్పొడి దాని పువ్వు మీదే పడినా, అదే తీగలోని ఇంకో పువ్వు మీద పడినా గింజ కట్టదు, వేరే తీగ పుప్పొడి రావాలి. మన పెళ్లిళ్లలో సగోత్రం పనికిరాదన్నట్టు. కెరూలియాకూ ఈ పట్టింపు ఉంది.

ఈ గోత్రం సంగతిలోనే చాలామంది దెబ్బతినేది. ఒక్క తీగ చాలదట, ఇంకోటి కావాలట అని తెలుసుకుని, ఉన్న తీగ నుంచే కొమ్మ కత్తిరించి ఇంకో కుండీలో నాటుతారు. అవి రెండు మొక్కలు కావు, ఒకే మొక్క రెండు కుండీల్లో ఉన్నట్టు. స్నేహితులు ఆ కొమ్మలే పంచుకుంటే కాలనీ అంతా ఒకటే తీగ అవుతుంది, ఎవరింట్లోనూ కాయ ఉండదు. గింజల నుంచి మొలిచిన వేరే తీగ ఒకటి కావాలి. మార్కెట్లో కొన్న పండు లోపలి గింజలు కడిగి, ఆరనిచ్చి, వెంటనే వేస్తే రెండు నుంచి నాలుగు వారాల్లో మొలుస్తాయి. గింజ పాతబడేకొద్దీ మొలకెత్తడం తగ్గిపోతుంది, కవర్లో కట్టి బీరువాలో దాచడం అనవసరం.

వేరే తీగ దొరికినా పుప్పొడి మోసేది ఎవరు? ఇక్కడే పువ్వు కట్టడం చూడాలి. కేసరాలు పువ్వు మధ్యలో ఒక కాడ మీద ఎత్తుగా నిలబడి, పుప్పొడిని కిందికి చూపిస్తూ ఉంటాయి. తేనె మాత్రం అడుగున పోగుల మొదట్లో దాచి ఉంటుంది. ఆ తేనె కోసం వచ్చిన ఈగ పోగుల మీద నడుస్తూ గుండ్రంగా తిరుగుతుంటే దాని వీపు పైనున్న కేసరాలకు రాసుకోవాలి. మామూలు తేనెటీగ వీపు అంత ఎత్తు అందదు. అది వస్తుంది, పుప్పొడి దోచుకుని పోతుంది, పువ్వుకు దక్కేదేమీ ఉండదు. అందేది గండుతుమ్మెదకు. నల్లగా నిగనిగలాడుతూ, చిన్న హెలికాప్టర్ మోతతో వచ్చి, పాత వాసాల్లో, ఎండిన వెదుళ్లలో గుండ్రటి చిల్లులు తొలిచే ఆ తుమ్మెదే. మన కవులు దాని వెంటపడి పద్యాలు రాశారు, ఇళ్లలోనేమో చీపురు పట్టుకుని తరుముతారు.

ఇంకో మెలిక ఉంది. పువ్వు తెరుచుకున్న వెంటనే మూడు కీలాగ్రాలు పైకి నిక్కి ఉంటాయి, తుమ్మెద వీపు వాటికి తగలదు. గంట, గంటన్నరలో అవి మెల్లగా కిందికి వంగి కేసరాల మట్టానికి వస్తాయి. అప్పుడే అవి పుప్పొడి అందుకోగలవు. కొన్ని పువ్వుల్లో అవి అసలు వంగవు, అలాంటి పువ్వు కాయ నిలపదు, చేత్తో రుద్దినా అంతే. ఎవరి తప్పూ లేదు.

నగరాల్లో తుమ్మెదలు తగ్గినచోట మన చెయ్యే తుమ్మెద కావాలి. పసుపు రకమైతే ఒంటిగంట, రెండు దాటాక, ఊదా రకమైతే పొద్దున్నే, కీలాగ్రాలు వంగాయో లేదో చూసుకుని, ఒక తీగ పుప్పొడిని ఇయర్ బడ్‌తో గానీ మెత్తటి బ్రష్‌తో గానీ, అవేవీ లేకపోతే వేలితోనే తీసి, ఇంకో తీగ పువ్వు మూడు కీలాగ్రాలకూ అద్దాలి. ఒకదానికే అద్ది వదిలేస్తే కాయ కట్టినా లోపల గింజలు తక్కువ, గింజ తక్కువైతే గుజ్జూ తక్కువ, ఎందుకంటే మనం తినే గుజ్జంతా గింజ చుట్టూ ఉండే సంచే. తర్వాత కాసేపు ఆ పువ్వు తడవకూడదు. నీళ్లు తగిలితే పుప్పొడి రేణువు పగిలిపోతుంది. జోరువానల్లో పువ్వులు ఎన్ని పూసినా కాయలు తక్కువ నిలవడానికి కారణం ఇదే. మధ్యాహ్నం పూట పైపుతో తీగంతా తడిపే అలవాటున్నవాళ్లు తమ కాపును తామే కడిగేసుకుంటున్నట్టు, నీళ్లు మొదలు దగ్గర పోస్తే చాలు. బ్రెజిల్‌లో పెద్ద పెద్ద పసుపు పాషన్ ఫ్రూట్ తోటల్లోనూ చాలాచోట్ల కూలీలు ఇలా పువ్వు పువ్వుకూ తిరిగి చేత్తోనే అద్దుతారు, తుమ్మెదలు గూడు పెట్టుకోవడానికి తోట పక్కన మొద్దులు, వెదురు బొంగులూ పెడతారు. మేడ మీద ఓ మూల నాలుగు ఎండు వెదురు ముక్కలు కట్టి ఉంచడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

పువ్వుల కాలంలో మందు కొట్టడం గురించి ఇంకేం చెప్పాలి. ఆకు మీద నాలుగు పురుగులు కనిపించాయని ఇమిడాక్లోప్రిడ్ లాంటి పురుగుమందు కొట్టి, పుప్పొడి మోసే తుమ్మెదల్నీ చంపుకుని, తర్వాత కాయ రావట్లేదని వాపోయేవాళ్లున్నారు.

ఆ పురుగుల్లోనూ తేడా ఉంది. ఈ తీగ మీద తెలుగు ప్రాంతాల్లో తరచూ కనిపించేవి ఒళ్లంతా ముళ్లున్న ఎర్రటి గోధుమరంగు గొంగళిపురుగులు, గుంపుగా వచ్చి నాలుగు రోజుల్లో తీగను ఈనెలు మిగిల్చి పోతాయి. అవి టానీ కాస్టర్ అనే నారింజ రంగు సీతాకోకచిలుకవి. నల్లచుక్కలతో, తాపీగా, ఎవరికీ భయపడనట్టు ఎగురుతుంది. భయపడక్కర్లేదు కూడా, దాని ఒంట్లో విషం ఉంటుంది, పిట్టలు ముట్టవు. తెల్లజుమికి దానికి ఎప్పటినుంచో తిండి, మేడ మీద కృష్ణకమలం దానికి దొరికిన కొత్త హోటల్. బాగా వేళ్లూనిన తీగ ఆకులన్నీ పోయినా మూడు వారాల్లో మళ్లీ చిగురిస్తుంది, కాబట్టి సగం పురుగుల్ని ఏరి ఊరిబయట తెల్లజుమికి మీద వదిలేసి, మిగతా సగాన్ని చూస్తూ కూర్చుంటే పిల్లలకు ఓ సైన్సు పాఠం. లేత మొక్కైతే మాత్రం అంత ఉదారత వద్దు, ఆకు అడుగున పసుపు గుడ్ల గుంపు కనిపించగానే ఆ ఆకు తుంచేయాలి.

అమెరికా అడవుల్లో ఈ పోరు ఇంకా ముదిరింది. అక్కడ హెలికోనియస్ సీతాకోకచిలుకలు వేరే గుడ్డు ఉన్న ఆకు మీద గుడ్డు పెట్టవు, పిల్లలకు తిండి చాలదని. దాన్ని పసిగట్టినట్టు కొన్ని పాసిఫ్లోరా రకాలు తమ ఆకుల మీద అచ్చం గుడ్లలా ఉండే పసుపు బుడిపెలు పెంచుకున్నాయి. వచ్చిన సీతాకోకచిలుక ఇక్కడ ఇల్లు నిండిందనుకుని వెళ్లిపోతుంది. ఇంకో ఏర్పాటు ఆకు కాడ మీద ఉండే చిన్న చిన్న గ్రంథులు. వాటిలో తియ్యటి ద్రవం ఊరుతుంది, దాని కోసం చీమలు వస్తాయి, వచ్చినవి పురుగు గుడ్లను కూడా ఏరుకు తింటాయి. అంటే తీగ మీద చీమలు కనిపించగానే పసుపు చల్లి, చీమల సుద్ద గీసి గోల చేయడం మన కాపలావాళ్లను మనమే తరిమేయడం. అయితే చీమలు చిగుళ్ల దగ్గర గుమిగూడి, అక్కడ తెల్లటి దూది లాంటి పిండినల్లో, ఆకు ముడతలో పేనుబంకో ఉంటే లెక్క మారుతుంది. అప్పుడు అవి తీగకు కాదు, ఆ పురుగులకు కాపలా. పైపు నీళ్లతో కొట్టి, ఐదు మిల్లీలీటర్ల వేపనూనెలో కొద్దిగా సబ్బు ద్రవం కలిపి లీటరు నీటితో సాయంత్రం పూట పిచికారీ చేస్తే చాలావరకు తగ్గుతాయి. ఎండాకాలంలో ఆకులు మసకబారి అడుగున సన్న సాలెగూడు లాంటిది కనిపిస్తే ఎర్రనల్లి, దానికి ఆకు అడుగుభాగం తడిపి కడగడమే మొదటి మందు.

రోగాల్లో మందు లేనివి రెండు. ఫ్యుజేరియం అనే శిలీంధ్రం వల్ల ఎండుతెగులు వస్తే తీగ ఒకవైపు నుంచి వాడి, రోజుల్లో మొత్తం ఎండిపోతుంది. మొదలు దగ్గర బెరడు గీకితే లోపల గోధుమ రంగు. పసుపు రకం వేరు దీన్ని బాగా తట్టుకుంటుంది, అందుకే ఊదా రకాన్ని పసుపు రకం వేరు మీద అంటు కడతారు. రెండోది వైరస్. ఆకులు మచ్చలు పడి ముడుచుకుని, కాయ చిన్నదై, తొక్క చెక్కలా గట్టిపడుతుంది. పేనుబంక మోసుకొస్తుంది, కత్తిరించే కత్తెర కూడా. అలాంటి తీగను పీకేసి తగలబెట్టడమే, దాని కొమ్మల్ని జాలిపడి ఎవరికీ ఇవ్వకూడదు.

కాపు కోసం పెంచేవాళ్లు రకం ఎంచుకునేటప్పుడు ఊరి ఎత్తు చూసుకోవాలి. ఊదా రకం చల్లటి కొండలది, కొడగు, నీలగిరి, మణిపూర్, నాగాలాండ్, మిజోరం లాంటిచోట్ల బాగా పండేది. తెలుగు నేల మీద దానికి నప్పేది అరకు, చింతపల్లి లాంటి ఏజెన్సీ ఎత్తులు, కొంతవరకు హార్స్‌లీ కొండ చుట్టుపక్కల. మైదానంలో, నలభై దాటే ఎండల్లో, పసుపు రకమే నిలబడుతుంది. భారత ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల కొడగులోని చెట్టళ్లి కేంద్రం ఈ రెంటినీ కలిపి కావేరి అనే సంకరం తెచ్చింది. మైదానంలో ఏ రకమైనా ఏప్రిల్, మే నెలలు గట్టెక్కించడమే అసలు పరీక్ష. మొగ్గలు రాలిపోతాయి, అది మామూలే. మొదలు చుట్టూ ఎండుటాకులో కొబ్బరి పీచో నాలుగంగుళాల మందాన పరిచి, మధ్యాహ్నం ఎండకు షేడ్ నెట్ కట్టి, పొద్దున్న ఒకసారి నిండా నీళ్లు పోస్తే తొలకరికి తీగ మళ్లీ లేస్తుంది. కొమ్మలు నాటడానికి కూడా ఆ తొలకరి రోజులే మంచివి, పెన్సిలంత లావు, మూడు నాలుగు కణుపులు ఉన్న కొమ్మ చాలు.

టెక్సాస్, జార్జియా లాంటిచోట్ల ఉండే తెలుగు కుటుంబాలకు లెక్క తిరగబడుతుంది. అక్కడి సొంత తీగ పాసిఫ్లోరా ఇన్‌కార్నేటా, మేపాప్ అంటారు. చలికాలంలో నేల మట్టానికి ఎండిపోతుంది, చచ్చిందనుకుని తవ్విపారేస్తారు, వేసవి దగ్గరపడ్డాక మళ్లీ మొలుస్తుంది. వేరు పిలకలతో మూడు నాలుగు అడుగుల అవతల, ఒక్కోసారి పక్కవాళ్ల లాన్ మధ్యలో లేస్తుంది కాబట్టి పెద్ద కుండీలో ఉంచడమే గొడవల్లేని పద్ధతి. ఇండియా నుంచి గింజ తెచ్చుకుని పాషన్ ఫ్రూట్ పెంచాలనుకునేవాళ్లకు ముందు కస్టమ్స్ దగ్గర చిక్కు, తర్వాత చలి దగ్గర చిక్కు. అక్కడి నర్సరీ మొక్కే కొనుక్కుని మంచు పడే ముందు ఇంట్లోకి తీసుకోవాలి.

ఈ ఇన్‌కార్నేటా ఆకుల కషాయం నిద్ర పట్టడానికి వాడే మూలిక. దాన్ని చదివి ఇంటి గోడ మీది ఏదో కృష్ణకమలం ఆకు మరిగించి తాగేవాళ్లున్నారు, అది మాత్రం చేయకూడదు. ఈ కుటుంబంలో చాలా తీగల ఆకుల్లో, పచ్చికాయల్లో సైనైడ్ విడుదల చేసే పదార్థాలుంటాయి, టానీ కాస్టర్‌కు పనికొచ్చింది మనిషికి పనికి రాదు. అసలు ఇన్‌కార్నేటా అయినా నిద్రమాత్రలు వాడేవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ను అడగకుండా తాగకూడదు.

కాయ కోత విషయంలో తొందర వద్దనడానికి కూడా పచ్చికాయలోని ఆ సైనైడే ఒక కారణం. పువ్వు కాయయ్యాక పండటానికి రెండున్నర నెలలు అటూ ఇటూ పడుతుంది. రంగు తిరగ్గానే కోసేస్తే పులుపు తప్ప ఏమీ ఉండదు. పండింది దానంతటదే తెగి కింద పడుతుంది, రోజూ పొద్దున్నే పందిరి కింద ఏరుకోవడమే. పడినదాన్ని రెండు మూడు రోజులు గట్టు మీద ఉంచితే తొక్క కాస్త ముడతలు పడుతుంది, పాడైందేమోనని పారేస్తారు గానీ లోపలి గుజ్జు అప్పుడే తియ్యగా ఉంటుంది. రెండుగా కోసి, చెంచాతో గుజ్జు తీసి, చిటికెడు ఉప్పు, కొంచెం బెల్లం, చల్లటి నీళ్లు కలిపి గింజలతో సహా తాగేయొచ్చు. వడకట్టేవాళ్లు ఆ గింజల్లో ఓ పదింటిని పక్కన పెట్టుకుంటే పసుపు తీగకు కావాల్సిన వేరే గోత్రం అక్కడే దొరుకుతుంది.